చదరాలు, త్రికోణాలు: అతుకుల బొంతకు బ్లాకులు కుట్టే పద్ధతి

తిరుపతిలో ఏ ఇంటి బీరువా తెరిచినా, అడుగు అరలో రవికె గుడ్డల కట్ట ఒకటి కనిపిస్తుంది. శ్రావణమాసపు పేరంటాలకూ, పెళ్ళిళ్ళకూ, సీమంతాలకూ వెళ్ళినప్పుడు పసుపు కుంకుమలతో పాటు తాంబూలంలో పెట్టి ఇచ్చిన ఆ గుడ్డలు మరో ఇంటికి తాంబూలంగా వెళ్ళడమో, కట్టలోనే ఏళ్ళ తరబడి ఉండిపోవడమో జరుగుతుంది. వాటిలో నూలువి ఏరి పెట్టుకుంటే, పసిబిడ్డ బొంతకు పైపొర కుట్టడానికి రెండు లేతరంగు ముక్కలూ, రెండు ముదురురంగు ముక్కలూ చాలు. ఆ పైపొరను బ్లాకులుగా, అంటే చిన్న ముక్కలు కలిపి కుట్టిన ఒకే కొలత చదరపు భాగాలుగా, కుట్టే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. చదరాలతో మాత్రమే అయ్యే తొమ్మిది గళ్ళ బ్లాకు ఒకటి, చదరాలూ త్రికోణాలూ కలిసిన నక్షత్రం బ్లాకు ఒకటి. రెండూ పూర్తయ్యాక తొమ్మిది అంగుళాల కొలతకే వస్తాయి కనుక ఒకదాని పక్కన ఒకటి ఇమిడిపోతాయి.

మా అవ్వ కుట్టిన బొంతలు ఈ పద్ధతివి కావు. ఆమె పాత నూలు చీరలను నాలుగైదు పొరలుగా పరిచి, చిరిగిన చోట మరో గుడ్డ అతికి, అంచు నుంచి అంచుకు వరుసగా పరుగు కుట్టు వేసుకుంటూ పోయేది. అక్కడ అతుకు కొంచెం వంకరగా ఉన్నా కింది పొర దాన్ని పట్టుకొని ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. బ్లాకుల పద్ధతిలో అలా కాదు: చిన్న చిన్న ముక్కలను అంచుకు అంచు కలిపి కుట్టి, వాటితోనే ఒక కొత్త గుడ్డను తయారు చేస్తాం. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ బాగా పెరిగిన ఈ పద్ధతిలో ముక్క ఎంత చిన్నదైనా దాని కొలత నిక్కచ్చిగా ఉండాలి. రంగుల ఎంపిక ఎంత బాగున్నా కొలత తప్పితే బ్లాకు చదునుగా పరుచుకోదు. అందుకే కుట్టడానికి పట్టే సమయం కంటే గుడ్డను సిద్ధం చేయడానికీ, కోయడానికీ ఎక్కువ సమయం ఇవ్వమని నేను నేర్చుకోవడానికి వచ్చేవారికి మొదటి రోజే చెబుతాను.

ముందు గుడ్డ సంగతి. ఒక బొంతలో అన్నీ నూలు ముక్కలే, ఇంచుమించు ఒకే మందం గలవే ఉండాలి. పేరంటాల్లో వచ్చే రవికె గుడ్డల్లో పాలిస్టర్ కలిసినవి చాలా ఉంటాయి. చేతికి నూలులా తగిలినా అవి ఇస్త్రీ మడతను నిలుపుకోవు. అనుమానం వస్తే అంచు నుంచి నాలుగు పోగులు లాగి, జాగ్రత్తగా కాల్చి చూడాలి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుపోతుంది. రవికె గుడ్డలు చాలకపోతే, గాంధీ రోడ్డు వైపు బట్టల దుకాణాల్లో నూలు గుడ్డ మీటరు లెక్కన దొరుకుతుంది. నగరి మరమగ్గాల మీద నేసిన గళ్ళ లుంగీ ఇంట్లో పాతదొకటి ఉంటే అది మరీ మంచిది. దాని గళ్ళు అచ్చు వేసినవి కావు, రంగు పోగులతో నేసినవి. కాబట్టి గీత వెంబడి కత్తెర నడిపితే చాలు, ముక్క పోగు తప్పకుండా వస్తుంది.

కొత్త గుడ్డను కోయడానికి ముందు తప్పనిసరిగా నీళ్ళలో నానబెట్టి ఉతకాలి. నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది. ఉతికిన పాత గుడ్డనూ ఉతకని కొత్త గుడ్డనూ కలిపి కుట్టేస్తే, బొంతను తొలిసారి ఉతికినప్పుడు ఒకటి ముడుచుకుని మరొకటి ఉబ్బుతుంది. ఎరుపు, ముదురు నీలం, నలుపు రంగు గుడ్డలను విడిగా నానబెట్టి, తడిగా ఉండగానే తెల్ల గుడ్డతో అద్ది చూడాలి. తెల్ల గుడ్డకు రంగు అంటకుండా ఉండేదాకా నీళ్ళు మారుస్తూ ఉతకాలి, అప్పటికీ అంటుతుంటే ఆ గుడ్డను పక్కన పెట్టేయాలి. ఆరిన తర్వాత, అన్నం వార్చిన గంజిని బాగా పలుచన చేసి, వడగట్టి, అందులో ముంచి పిండి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. మెత్తబడిపోయిన పాత చీర గుడ్డ కూడా అప్పుడు కాగితంలా నిలబడి, గీత గీసినప్పుడు కదలకుండా, కోసినప్పుడు జారకుండా ఉంటుంది. బొంత పూర్తయ్యాక ఆ గంజి అంతా పోయేలా ఉతకడం మాత్రం మరువకూడదు. గంజి మిగిలిన గుడ్డను పెట్టెలో పెడితే పురుగు పడుతుంది.

ఇక పోగు సంగతి కూడా కోతకు ముందే తెలియాలి. ఒక గుడ్డ ముక్కను రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య పట్టుకొని పడుగు (నిలువు) దారాల వెంబడి లాగండి. అది దాదాపు సాగదు. పేక (అడ్డం) దారాల వెంబడి లాగితే కొద్దిగా సాగుతుంది. ఇప్పుడు అదే ముక్కను మూల నుంచి మూలకు, ఏటవాలుగా లాగండి. గుడ్డ రబ్బరులా సాగి, వదిలిన తర్వాత కూడా మునుపటి ఆకారానికి పూర్తిగా రాదు. టైలర్లు ‘క్రాస్’ అనేది ఈ దిక్కునే. చదరానికి నాలుగు అంచులూ పోగు వెంబడే ఉంటాయి కనుక దానితో ఇబ్బంది లేదు. చదరాన్ని మూల నుంచి మూలకు కోసి త్రికోణం చేస్తే, దాని పొడవాటి అంచు పూర్తిగా క్రాస్ మీద పడుతుంది. త్రికోణాలతో వచ్చే చిక్కులన్నింటికీ మూలం ఆ ఒక్క అంచే.

గుడ్డ మీద ఆనించి గీత గీసుకోవడానికి కొలతకు రెండు మచ్చులు చేసుకోవాలి: ఒకటి మూడున్నర అంగుళాల చదరం, మరొకటి నాలుగు అంగుళాల చదరం. శుభలేఖ అట్టతో చేసుకోవచ్చు కానీ పదిసార్లు గీత గీసేసరికి దాని అంచులు అరిగి కొలత తగ్గుతుంది. పాత ఎక్స్‌రే ఫిల్ముతో చేసిన మచ్చు అరగదు, పైగా దాని గుండా గుడ్డ మీది బొమ్మ కనిపిస్తుంది. మచ్చు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి నాలుగు భుజాలు కొలిస్తే చాలదు. రెండు కర్ణాలూ కొలిచి సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. భుజాలు సమానంగా ఉండి కర్ణాలు తేడాగా ఉంటే అది చదరం కాదు, ఒక పక్కకు ఒరిగిన ఆకారం. మూడున్నర అంగుళాల మచ్చు మీద నాలుగు పక్కలా పావు అంగుళం లోపలికి సన్నని గీతలు, మూల నుంచి మూలకు ఒక గీత శాశ్వత మార్కరుతో గీసి పెట్టుకుంటే ముందుముందు ఎంతో ఉపయోగపడుతుంది.

36 అంగుళాల పన్నా ఉన్న 80 సెంటీమీటర్ల రవికె గుడ్డను ఉతికి, అంచు పట్టీ తీసేశాక, అడ్డంగా తొమ్మిది, నిలువుగా ఎనిమిది చొప్పున 72 చదరాలు, మూడున్నర అంగుళాలవి, తేలికగా వస్తాయి. నాలుగు బ్లాకుల వెడల్పు, ఐదు బ్లాకుల పొడవు ఉండే పసిబిడ్డ బొంతకు మొత్తం 20 బ్లాకులు కావాలి. అందులో పది తొమ్మిది గళ్ళవి, పది నక్షత్రాలవి. వాటికి మూడున్నర అంగుళాల చదరాలు ముదురువి 60, లేతవి 80 అవసరమవుతాయి. త్రికోణాల కోసం నాలుగు అంగుళాల చదరాలు ముదురువి 20, లేతవి 20 కోయాలి. ఏది ముదురు, ఏది లేత అన్నది గుడ్డను విడిగా చూస్తే తెలియదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీస్తే వెంటనే తెలుస్తుంది. పసుపు, ఆకుపచ్చ కంటికి ఎంత వేరుగా కనిపించినా ఆ ఫోటోలో ఒకటిగా కలిసిపోతే, వాటితో కుట్టిన నక్షత్రం దూరం నుంచి కనిపించదు.

కుట్టుకు విడిచే మార్జిన్ అన్ని చోట్లా పావు అంగుళమే. జాకెట్లు కుట్టడం అలవాటైన చేతికి ఇది మరీ తక్కువగా తోస్తుంది, ఎందుకంటే జాకెట్టుకు తర్వాత వదులు చేసుకోవడానికి ఎక్కువ గుడ్డ లోపల ఉంచుతాం. బొంత బ్లాకులో మార్జిన్ పెరిగితే మూలల దగ్గర పొరలు దిబ్బలా పేరుకుంటాయి. కాలి మిషన్ మీద పావు అంగుళాన్ని కచ్చితంగా పట్టుకోవడానికి ఒక ఏర్పాటు చేసుకోవాలి. ఎక్స్‌రే మచ్చు మీద గీసిన పావు అంగుళం గీత మీదికి సూదిని చేత్తో దించి, మచ్చు కుడి అంచు ఎక్కడ ఉందో చూసి, ఆ అంచు వెంబడి ఇన్సులేషన్ టేపును నాలుగైదు పొరలుగా అతికించాలి. ఆ తర్వాత గుడ్డ అంచును టేపు గట్టుకు ఆనించి నడిపిస్తే కుట్టు దారి తప్పదు. కుట్టు పొడవు అంగుళానికి పన్నెండు పోట్ల వరకు ఉంటే ముక్క చివరల్లో కుట్టు విడిపోదు.

ఈ ఏర్పాటు సరిగ్గా ఉందో లేదో పనికిరాని గుడ్డ మీద పరీక్షించాలి. అంగుళంన్నర వెడల్పున్న మూడు పట్టీలు కోసి, పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి కొలవండి. మొత్తం వెడల్పు మూడున్నర అంగుళాలు, మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం ఉండాలి. మొదటిసారి చాలామందికి కొంచెం తక్కువ వస్తుంది, ఎందుకంటే కుట్టును పక్కకు మడిచినప్పుడు ఆ మడత కూడా ఒకటి రెండు పోగుల గుడ్డను మింగుతుంది. అప్పుడు టేపును వెంట్రుకవాసి సూది వైపుకు జరపాలి. ఇంత పట్టింపు దేనికి అనిపిస్తే ఈ లెక్క చూడండి. మన బొంత వెడల్పులో 12 గళ్ళు ఉన్నాయి. ఒక్కొక్క కుట్టులో అంగుళానికి వీసం వంతు (పదహారో వంతు) ఎక్కువ పోతే, రెండు పక్కలా కలిపి గడికి ఎనిమిదో వంతు తగ్గుతుంది, 12 గళ్ళకు అంగుళంన్నర తగ్గిపోతుంది.

తొమ్మిది గళ్ళ బ్లాకుతో మొదలుపెట్టాలి. ఐదు ముదురు చదరాలు, నాలుగు లేత చదరాలు తీసుకొని, నాలుగు మూలల్లోనూ మధ్యలోనూ ముదురువి వచ్చేలా పరచాలి. మూడు చదరాల చొప్పున ముందు వరుసలు కుట్టి, ఆ తర్వాత వరుసలను కలపాలి. పది బ్లాకుల జతలను ఒకేసారి కుట్టేటప్పుడు ఒక్కొక్క జత తర్వాత దారం తెంచనక్కరలేదు. ఒక జత అయిపోగానే రెండో జతను సూది కిందికి తోస్తూ పోతే, పూలమాలలో పువ్వుల్లా ముక్కలన్నీ ఒకే దారానికి వరుసగా వేలాడతాయి. చివర్లో కత్తిరించి విడదీసుకోవచ్చు. దీనివల్ల దారం కలిసివస్తుంది, మొదటి పోటు దగ్గర చిక్కుపడడమూ తగ్గుతుంది.

వరుసలు కుట్టాక మార్జిన్‌లను ముదురు గుడ్డ వైపుకు మడిచి ఇస్త్రీ చేయాలి. ఇస్త్రీ పెట్టెను చొక్కా మీద తోసినట్టు ముందుకు వెనక్కు తోయకూడదు. ఒకచోట ఆనించి, ఎత్తి, పక్కన ఆనించాలి. తోస్తే ముక్క సాగిపోతుంది. ముదురు వైపుకు మడవాలనే ఈ ఒక్క నియమం పాటిస్తే పై వరుసలోనూ కింది వరుసలోనూ మార్జిన్‌లు బయటి వైపుకు, మధ్య వరుసలో లోపలి వైపుకు తిరుగుతాయి. వరుసలను ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు ఎదురెదురుగా ఉన్న ఆ రెండు మడతలు ఒకదానికొకటి ఆనుకొని తలుపూ గడియలా పట్టుకుంటాయి. చూపుడువేలితో ఆ చోటును తడిమితే, కలిశాయో లేదో చూడకుండానే తెలుస్తుంది. అక్కడ ఒక గుండుసూది గుచ్చి కుట్టితే నాలుగు గళ్ళ మూలలు ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. పూర్తయిన బ్లాకు తొమ్మిదిన్నర అంగుళాలు ఉండాలి. చుట్టూ ఉన్న మార్జిన్ పోగా బొంతలో అది తొమ్మిది అంగుళాలుగా కనిపిస్తుంది.

త్రికోణాల విషయంలో నేను మొదట చేసిన పొరపాటు చెబితే పద్ధతి వెనుక ఉన్న కారణం స్పష్టమవుతుంది. నా మొదటి బొంతకు పాత చీర గుడ్డతో 80 త్రికోణాలు ఒకే సాయంత్రం కోసి, దొంతరగా పేర్చి, వారం తర్వాత కుట్టడానికి కూర్చున్నాను. ఎత్తి పెట్టడంలో, దించడంలో ఆ ఏటవాలు అంచులన్నీ సాగిపోయి అలలు తేలాయి. కుట్టిన బ్లాకులు నూనెలో వేసిన అప్పడాల్లా మధ్యలో ఉబ్బాయి. ఎంత ఇస్త్రీ చేసినా కుదురుకోలేదు. ఆ గుడ్డ అమ్మమ్మ గారి చీరది కావడం వల్ల ఆ నష్టం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. త్రికోణాన్ని కోసి కుట్టకూడదు, కుట్టిన తర్వాతే కోయాలి.

అందుకు పద్ధతి ఇది. నాలుగు అంగుళాల చదరాలు ఒకటి ముదురుది, ఒకటి లేతది తీసుకొని, మంచి వైపులు లోపలికి ఉండేలా ఒకదాని మీద ఒకటి పెట్టాలి. లేత చదరం వెనుక వైపున మూల నుంచి మూలకు పెన్సిల్‌తో గీత గీయాలి. రెండూ ముదురు గుడ్డలే అయితే అరిగిపోయిన సబ్బు ముక్క అంచుతో గీసిన గీత చక్కగా కనిపిస్తుంది, ఉతికితే పోతుంది. ఆ గీతకు రెండు పక్కలా పావు అంగుళం దూరంలో రెండు కుట్లు వేయాలి. కుట్టడం పూర్తయ్యాకే గీత మీద కత్తెర నడపాలి. తెరిచి చూస్తే, సగం ముదురు, సగం లేత ఉన్న రెండు జంట త్రికోణాల చదరాలు చేతికి వస్తాయి. క్రాస్ అంచు బయటపడేసరికే కుట్టు దాన్ని పట్టుకొని ఉంటుంది కనుక అది సాగే అవకాశం దొరకదు.

పూర్తయ్యాక మూడు అంగుళాలు కనిపించాల్సిన గడికి నాలుగు అంగుళాల చదరం ఎందుకని అడుగుతారు. సగం చదరపు త్రికోణంలో రెండు పొట్టి భుజాలకూ, ఒక కర్ణానికీ మార్జిన్ కావాలి. కర్ణం వైపు పావు అంగుళం మార్జిన్ విడవాలంటే భుజం వెంబడి దానికి 1.414 రెట్లు గుడ్డ పడుతుంది. రెండు భుజాల వైపు మార్జిన్‌లు కూడా కలిపితే 3.414 పావులు, అంటే 0.854 అంగుళం అవుతుంది. దాన్నే కొలతబద్ద మీద అందే విధంగా ఎనిమిదింట ఏడు వంతులుగా లెక్క వేస్తారు. కాబట్టి కచ్చితమైన కొలత మూడు అంగుళాల మీద ఎనిమిదింట ఏడు వంతులు. నేను దాన్ని నాలుగుకు పెంచి, కుట్టిన తర్వాత మూడున్నరకు కత్తిరిస్తాను. ఆ ఎనిమిదో వంతు అదనపు గుడ్డ చేతి పొరపాట్లన్నింటినీ సరిచేసుకోవడానికి వీలిస్తుంది.

కత్తిరించేటప్పుడు ఎక్స్‌రే మచ్చు మీద గీసిన మూల గీతను సరిగ్గా కుట్టు మీద ఉంచి, చుట్టూ మిగిలిన పోగులంత గుడ్డను తీసేయాలి. మూలల్లో పొడుచుకొచ్చిన చిన్న చెవులు కూడా అప్పుడే పోతాయి. ఈ పని విసుగ్గా ఉంటుంది, 40 ముక్కలకూ చేయాలి, అయినా ఒక్కటి కూడా వదలకూడదు. నక్షత్రపు కొసలు నిలిచేదీ, తెగేదీ ఇక్కడే తేలిపోతుంది.

నక్షత్రం బ్లాకులో నాలుగు మూలలకూ లేత చదరాలు, మధ్యలో ముదురు చదరం, నాలుగు పక్కలా జంట త్రికోణాల చదరాలు వస్తాయి. వీటి అమరికే కొత్తవారిని తికమక పెడుతుంది. పైగడిలో పెట్టే ముక్కను, దాని ముదురు సగం మధ్య చదరానికి ఆనే కింది అంచునూ ఎడమ అంచునూ కప్పేలా పెట్టండి. తర్వాతి ముక్కను పావు వంతు తిప్పి కుడి గడిలో, మరో పావు వంతు తిప్పి కింది గడిలో, మరో పావు వంతు తిప్పి ఎడమ గడిలో పెట్టాలి. తిప్పడం ఎప్పుడూ గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే దిశలోనే ఉండాలి. నాలుగు ముక్కల్లోనూ మధ్య చదరానికి ఆనుకున్న అంచు ముదురుదై, కొసలన్నీ ఒకే వైపుకు తిరిగి ఉంటే అమరిక సరైనదే. ఒక్కటి ఎదురు తిరిగినా నక్షత్రం కుంటుతుంది. కాబట్టి పరిచిన బ్లాకును ఫోటో తీసుకొని, ప్రతి వరుస కుట్టేముందు దానితో పోల్చుకోవాలి. ఇస్త్రీ చేసేటప్పుడు త్రికోణాల ముక్క వైపుకు కాకుండా సాదా చదరం వైపుకు మార్జిన్ మడవాలి. ఇక్కడా పై, కింది వరుసల మడతలు బయటికి, మధ్య వరుస మడతలు లోపలికి వస్తాయి.

మధ్య చదరానికి మాత్రం ఇంట్లో ప్రత్యేకమైన గుడ్డ ఏదైనా ఉంటే వాడుకోవచ్చు. మనకు 40 కిలోమీటర్ల లోపే ఉన్న శ్రీకాళహస్తిలో కలంతో గీసే కలంకారీ దుపట్టా ఒకటి అంచులు చిరిగిపోయి ఉంటే, అందులో చెడకుండా మిగిలిన పువ్వులు ఈ మూడు అంగుళాల గడికి ఎంతో అందంగా ఇముడుతాయి. ఎక్స్‌రే మచ్చును గుడ్డ మీద జరుపుతూ, పావు అంగుళం గీతల లోపల పువ్వు మొత్తం పట్టేలా ఉంచి గీయాలి. బాగున్న కలంకారీని ఇందుకోసం కోయడం నాకు సమ్మతం కాదు. ఒక్కొక్క రంగు వేసి, ఉడికించి, ఉతికి చేసిన చేతిపని అది. ఆ గుడ్డను కూడా ముందుగా విడిగా నానబెట్టి, నీడలో ఆరబెట్టి, రంగు వదలడం లేదని నిర్ధారించుకోవాలి.

బ్లాకులు 20 పూర్తయ్యాక నేల మీద నాలుగు చొప్పున ఐదు వరుసలుగా, తొమ్మిది గళ్ళది ఒకటి, నక్షత్రం ఒకటిగా మార్చి మార్చి పరచాలి. ప్రతి బ్లాకూ తొమ్మిదిన్నర అంగుళాలు ఉందో లేదో కలపడానికి ముందే మరోసారి కొలవాలి. తక్కువగా ఉన్నదాన్ని లాగి సరిపెట్టకుండా, ఏ కుట్టు లోతుగా పడిందో వెతికి, విప్పి, మళ్ళీ కుట్టాలి. తొమ్మిది గళ్ళ బ్లాకులో వరుసలు కలిపిన మార్జిన్‌లను బయటికి, నక్షత్రం బ్లాకులో లోపలికి మడిచి ఉంటే, పక్కపక్క బ్లాకులు కలిపేటప్పుడు మడతలు మళ్ళీ ఒకదానికొకటి ఆనుకుంటాయి. పైబ్లాకునూ కిందిబ్లాకునూ కలిపే చోట ఆ సౌకర్యం ఉండదు కాబట్టి ప్రతి గడి దగ్గరా గుండుసూది గుచ్చాలి. నక్షత్రపు కొసలు బ్లాకు అంచు నుంచి సరిగ్గా పావు అంగుళం లోపల ఉంటాయి. కలిపే కుట్టు అంతకంటే లోపలికి వెళ్తే కొస తెగిపోయి మొండిగా కనిపిస్తుంది. ఆ చోట్లలో మిషన్‌ను చేత్తో తిప్పుతూ, సూది ఆ కొస పక్కగా ఒక పోగు బయటి నుంచి వెళ్ళేలా చూసుకోవాలి.

అన్నీ కలిపాక పైపొర వెడల్పు 36 అంగుళాలన్నర, పొడవు 45 అంగుళాలన్నర ఉండాలి. దీని కింద ఉతికిన పాత నూలు చీరను రెండు పొరలుగా పరిచి, చుట్టూ రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచి, మధ్య నుంచి అంచులకు పొడవాటి పోట్లతో తాత్కాలికంగా కుట్టి, ఆ తర్వాత గళ్ళ గీతల పక్కనే అవ్వలు వేసే సాదా పరుగు కుట్టు వేసుకుంటూ పోవాలి. మన ఊరి వాతావరణానికి ఆ రెండు పొరలు చాలు. మార్గశిర పుష్య మాసాల్లో కొండ మీద చలికి పనికిరావాలంటే మధ్యలో మరో రెండు పొరలు చేర్చాలి, అప్పుడు పరుగు కుట్టుకు పొడవాటి సూది, మామూలు కంటే మందమైన నూలు దారం వాడాలి.